కేకు ముందా, పాట ముందా

మేముండే మేడ కింద బేకరీ పెట్టారు. తిరుపతిలో ఇప్పుడు ఏ మేడ కింద చూసినా బేకరీయో మందుల షాపో ఉంటుంది కాబట్టి అందులో విడ్డూరమేమీ లేదు గానీ, డిసెంబరు వచ్చిందంటే చాలు, తెల్లవారకముందే వెనీలా ఎసెన్సు వాసన మెట్లెక్కి, తలుపు సందులోంచి దూరి, నేను ముఖం కడుక్కోకముందే నా మంచం పక్కన వచ్చి కూర్చుంటుంది. మొదటి ఏడాది ముచ్చటపడ్డాను. తర్వాత ఓర్చుకున్నాను. ఇప్పుడు దుప్పటి ముక్కు మీదికి లాక్కుంటున్నాను. వయసు మీద పడ్డాక తీపి వాసన కూడా మోయాల్సిన బరువే. అందులో ఎంత వెతికినా పొగ దొరకదు, కాలిన ఇసుక దొరకదు, గుడ్డు నీచు దొరకదు. మా ఇంటి పండగ వాసన ఆ మూడూ కలిసింది.

మాది పుత్తూరులో రైలు కట్టకు అవతలున్న చిన్న వీధి. పుత్తూరంటే ఎముకలు విరిగినవాళ్ళందరికీ తెలుసు. ఎక్కడెక్కడి నుంచో, అరవదేశం నుంచి కూడా, చేతులు మెడకు వేలాడేసుకుని, కాళ్ళు ఎద్దుల బండ్లలో చాపుకుని జనం కట్టుకోసం వచ్చేవాళ్ళు. మా నాయన చెయ్యి తగిలితే చాలు, విరిగిన ఎముక టక్కున అతుక్కుంటుందని నేను బళ్ళో చెప్పుకు తిరిగేవాణ్ణి. ఆయన ఏ ఎముకనూ అతికించలేదు. కట్టు కట్టే ఒక పెద్దాయన ఇంటి వసారాలో కూర్చుని వెదురు చీల్చేవాడు, అంతే. బొంగు చీల్చి, బద్దలు తీసి, గాజుపెంకుతో గీకి, చెంపకు రాసుకుని చూసి, గరుకు తగలకపోతేనే పక్కన పెట్టేవాడు. లోపల విరిగిన చోట ఆకుపసరు మందూ గుడ్డులోని తెల్లసొనా పట్టించి, గుడ్డ చుట్టి, పైన ఈ బద్దలు పెట్టి బిగించేవాళ్ళు. తెల్లసొన ఆరితే రాయే. పచ్చసొనతో మాత్రం అక్కడ ఎవరికీ పనిలేదు. అది ఒక గిన్నెలో పోగయి, రోగి తాలూకు మనుషులు తీసుకుంటే తీసుకున్నట్టు, లేకపోతే వీధి కుక్కలకు పండగ.

పండగంటే మాకు క్రిస్మస్. మా సంఘంలో ఒక పద్ధతి ఉండేది. పండగ ముందు రోజుల్లో పాటల గుంపు డోలకూ కంజరా పట్టుకుని పొద్దుగూకే వేళ బయలుదేరేది. ఏ ఇంటి ముందు నక్షత్రం వెలుగుతుంటే ఆ ఇంటికే వెళ్ళేవాళ్ళు. చుక్క కట్టడమంటే మా వాళ్ళకు పిలుపు. పిలిచినవాళ్ళు, పాట అయ్యాక, తినడానికి ఏదో ఒకటి వేడిగా పెట్టాలి. చుక్క లేని గడప దగ్గర ఆగితే ఆ ఇంటివాళ్ళను ఇరుకున పెట్టినట్టవుతుందని తలలు వంచుకుని సాగిపోయేవాళ్ళు. మా వీధిలో మాది ఒక్కటే కిరస్తానీ ఇల్లు. గుంపు రైలుగేటు దాకా వచ్చి, మా వైపు చూసి, చీకటిగా ఉంటే వెనక్కి మళ్ళేది. డోలకు చప్పుడు దగ్గరికి రావడం, మళ్ళీ దూరమైపోవడం మేము పొయ్యి దగ్గర కూర్చుని ఏటేటా వినేవాళ్ళం. పిలిచి, పెట్టడానికేమీ లేక నిలబడేకన్నా చీకట్లో ఉండటమే మర్యాదని మా నాయన లెక్క.

ఆ ఏడు వానలు విడిచాక మా అవ్వ, నాయన తల్లి, బావి దగ్గర పాచిలో జారి పడింది. తొడ ఎముక విరిగింది. కొడుకు గీకిన బద్దలే ఆమె కాలికి బిగించారు. వయసులో అవ్వ సూళ్లూరుపేట వైపు పల్లెల్లో పాటల గుంపుకు ముందు నడిచిన మనిషి. ఆమె పాడితే పులికాట్ చెరువు మీద కొంగలు లేచిపోయేవని చెప్పేది. మా ఇంట్లో ఈ పెంచి చెప్పే గుణం ఎవరి నుంచి వచ్చిందో మీకు అర్థమైందనుకుంటాను. పడ్డాక ఆ మనిషి గోడవైపు తిరిగి పడుకుంది. సంగటి ముద్ద పెడితే సగానికే చాలనేది. మళ్ళీ నడుస్తుందో లేదో ఎవరూ చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు. పండక్కి ప్రార్థన గుడికి మంచంతో సహా మోసుకుపోతామని నాయన అంటే ఒక్కసారి ఇటు తిరిగింది.

"మంచంతో ఎత్తుకోని పోతే సచ్చిపోయిందనుకుంటారు రా. నేను యాడికీ రాను. పాట వినాలని ఉండాది, అంతే. అది ఈడికి రాదు, నేను ఆడికి పోలేను."

మా అమ్మకూ అవ్వకూ మాటలు తక్కువ, సూటిపోట్లు ఎక్కువ. అయినా పొయ్యి ఊదుతున్న అమ్మ గొట్టం పక్కన పెట్టి, "చుక్క కడదాం," అంది.

"కడితే పెట్టాల గదా. ఏం పెడతావే?"

"కేకు."

చాలా రోజులకు అవ్వ నవ్వింది. "నీ మొగానికి కేకా! సంగటే ఉండలు కడతాది నీకు."

నక్షత్రం నాయన వెదురు బద్దలతో కట్టాడు. అది మా ఇంటికన్నా పెద్దదని, దాని వెలుగు చూసి రైలు ఆగిపోయిందని నేను చాలామందికి చెప్పాను. రైలు మా దగ్గర ఎప్పుడూ ఆగేది, సిగ్నలు పడక. నక్షత్రం నా ఎత్తుకు మూరెడు ఎక్కువ ఉండేది, నేను ఆ వయసుకు కూడా పొట్టివాణ్ణి. కానీ పనితనం విషయంలో పెంచాల్సిన పనిలేదు. ఆయనకు వచ్చిన ముడి ఒక్కటే, ఎముక మీద వేసే ముడి. నక్షత్రానికి ప్రతి మూలా గుడ్డపేలిక చుట్టి, బిగించి, తెల్లసొన పూసి ఎండబెట్టాడు. ఎండేదాకా దాన్ని కదిలించకూడదని మమ్మల్ని తిట్టడం చూసి, పక్కింటి మునెమ్మత్త గోడ మీదుగా, "ఏం బావా, చుక్కకు కాలు ఇరిగిందా?" అంది.

రంగు కాగితం మాకు అందే వస్తువు కాదు. తెల్ల కాగితాలకు చెనిక్కాయల నూనె రాస్తే వెలుతురు దాటుతుంది. ఎరుపు కావాలంటే పసుపులో సున్నం కలపాలి. ఆ రెండూ మునెమ్మత్తే ఇచ్చింది. ఇస్తూ, "మీ సామి మా పసుపు ఒప్పుకుంటాడా అమ్మాయీ?" అని మా అక్క సుగుణను ఆట పట్టించింది. అక్క తడుముకోకుండా, "ఎర్రగా వస్తే ఒప్పుకుంటాడత్తా," అంది. మేమిద్దరం చేతులన్నీ ఎర్రగా చేసుకుని, కాగితాలు అరుగు మీద పరిచి, ఎగిరిపోకుండా రాళ్ళు పెట్టి, ఎండలో కాపలా కూర్చున్నాం. తర్వాత అంటించాలి కదా. అక్క లోపలికెళ్ళి చట్టినిండా బంక కాచుకొచ్చింది. చిక్కగా, తెల్లగా, పెళ్ళి పందిళ్ళకు కూడా అంత మంచి బంక కాచి ఉండరు. నక్షత్రం బిర్రుగా, డోలు చర్మంలా నిలబడింది.

అమ్మ బజారు నుంచి వచ్చి ఖాళీ డబ్బా మూత తీసింది.

"ఇందులో మైదా యాడే?"

అక్క నక్షత్రం వైపు చూసింది.

"నా కేకును ఉడకేసి చుక్కకు పూసినావు గదే సుగుణా!"

అక్క ఏడ్చింది. నేను ఏడవలేదని ఎప్పుడూ చెప్పుకుంటాను, నేనూ ఏడ్చాను. అమ్మ మాత్రం ఏడుపుకు తీరిక లేనిదానిలా కొంగు బిగించింది. ఆ రోజు నాయన పనిచేసే చోట కట్లు ఎక్కువ. అవ్వ కట్టు మార్చే రోజు కూడా అదే. ఆమె కాలికి తెల్లసొన పోగా ఆమె పాటకు పచ్చసొన మిగిలిందన్నమాట. నాయన సగం గిన్నె తెచ్చి ముందు పెట్టాడు. అది సాయంత్రం దాటితే చెడిపోతుంది. ఇంట్లో ఉన్న పిండి రాగిపిండి ఒక్కటే. అమ్మ దాన్నే రెండుసార్లు గుడ్డలో జల్లించింది. బెల్లం దంచి పాకం పట్టి పోసింది, నూనె పోసింది, సోడా ఉప్పు చిటికెడు వేసింది. కిస్‌మిస్ బదులు ఎండు రేగుపళ్ళు గింజలు తీసి, జీడిపప్పు బదులు వేయించిన చెనిక్కాయలు చిదిపి, పైన మామిడి తాండ్రను కత్తెరతో చిన్నచిన్న ముక్కలు కత్తిరించి చల్లింది. పెద్ద తపేలాలో వంకలోంచి తెచ్చిన ఇసుక పోసి, అది కాగాక అందులో కేకు గిన్నె దించి, మూత పెట్టి, మూత మీద చింతనిప్పులు పరిచింది. పైనా కిందా నిప్పు మధ్యలో ఆ గిన్నె ఏం చేస్తోందో ఎవరికీ తెలియదు. వాసనను బట్టే పోవాలి. మొదట తడి ఇసుక వాసన వచ్చింది, తర్వాత బెల్లం, తర్వాత నీచు, ఆ తర్వాత అన్నీ కలిసి వీధి వీధంతా తిరగడం మొదలుపెట్టింది. మునెమ్మత్త ఇంట్లో పిల్లలు గోడెక్కి కూర్చున్నారు.

పొద్దుగూకింది. నాయన నక్షత్రంలో బుడ్డి దీపం పెట్టి వెదురు గడకు ఎత్తాడు. ఎర్రగా వెలిగింది. ఇప్పుడు శ్రీహరికోట వాళ్ళు రాకెట్టు పైకి పంపుతుంటే మా మనవడు మేడెక్కి చప్పట్లు కొడతాడు గానీ, వెలుగుతూ పైకి పోయే దాన్ని చూసి గుండె ఆగినంత పని నాకు ఆ ఒక్కసారే అయింది. డోలకు చప్పుడు గేటు దగ్గరికొచ్చి ఆగింది. మళ్ళీ మొదలైంది. ఈసారి దగ్గరికి, ఇంకా దగ్గరికి.

వందమంది వచ్చారు. సరే, వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, వాళ్ళలో ఇద్దరు నాకన్నా చిన్నవాళ్ళు. గుంపు పెద్ద ఇశ్రాయేలు మామ పెట్రోమాక్సు లైటు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు. అప్పుడే అమ్మ చేయకూడని పని చేసింది. వీళ్ళకింకా చాలా ఇళ్ళున్నాయి, రెండు చరణాలు పాడి వెళ్ళిపోతారేమోనని భయపడింది. తింటే కూర్చుంటారు, కూర్చుంటే ఎక్కువ పాడతారని ఆమె ఆలోచన. పాటకు ముందే పళ్ళెం ముందుకు చాపింది.

"పాట కానీలేమ్మా," అన్నాడు ఇశ్రాయేలు మామ.

"వేడి పోతాది న్నా, ఎత్తుకోండి," అని అమ్మ అందరి చేతుల్లో పెద్దపెద్ద ముక్కలు పెట్టేసింది.

తెల్లసొన లేని కేకు పొంగదని ఆమెకు తెలియదు. ఎవరికి తెలుసు? వాళ్ళు నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. మళ్ళీ నమిలారు. పచ్చసొన, రాగి, బెల్లంపాకం కలిసి అంగిటికీ పళ్ళకీ పుత్తూరు కట్టు కట్టినట్టు పట్టేశాయి. ఇశ్రాయేలు మామ నోరు తెరవబోయి మూసేశాడు. ఒకాయన వేలు పెట్టి చూసుకుంటున్నాడు. డోలకు వాయించేవాడు, ముక్క నోట్లోకి పోయి చేతులు ఖాళీ అయ్యాయి కాబట్టి, వాయిస్తూనే ఉన్నాడు. పాట మాత్రం రాలేదు. అమ్మ పళ్ళెంతో అలాగే నిలబడిపోయింది. ఆమె ముఖం చూడలేక నేను నేల చూశాను.

లోపల చీకట్లోంచి అవ్వ గొంతు వినిపించింది.

"ఏమే, మూగోళ్ళను పిలిచినావా?"

ఎవరూ పలకలేదు. పలకలేరు. కాసేపు డోలకు ఒక్కటే. తర్వాత లోపలి నుంచి సన్నగా, బొంగురుగా, బావిలోంచి చేద పైకి వస్తున్నట్టు తడబడుతూ ఒక పాట మొదలైంది. అవ్వ పాడుతోంది. నాయన పరుగెత్తి తలుపులు రెండూ బార్లా తెరిచాడు. ఆమె గోడవైపు లేదు, మా వైపు తిరిగి మోచేతి మీద లేచి ఉంది. రెండో చరణంలో మాట మరిచిపోతే, బయట ఇశ్రాయేలు మామ మూసిన నోటితోనే రాగం అందించాడు. ఆయన వెనక గుంపంతా ముక్కులతో ఆ రాగమే పట్టుకుంది. ఆ పాటకు రైలుకట్ట మీద గువ్వలు లేచాయని రాయాలని చెయ్యి లాగుతోంది. ఏ గువ్వా లేవలేదు. మునెమ్మత్త గోడ మీద గడ్డం ఆనించి వింది, అంతే.

పాట అయ్యాక ఇశ్రాయేలు మామ మంచం దగ్గరికొచ్చి చేతులు జోడించాడు. నోరు ఇంకా పూర్తిగా రాలేదు. అవ్వ అమ్మను పిలిచి, "నాకు పెట్టవా?" అని అడిగింది. ఒక ముక్క తీసుకుని, పళ్ళు లేని నోట్లో చాలాసేపు నానబెట్టుకుంది.

"మళ్ళేడు గూడా ఇట్లే సెయ్యి. వాళ్ళ నోర్లు పడిపోతేనే గదా నా నోరు లేసింది."

ఆ మాటకు అమ్మ పొయ్యి దగ్గరికెళ్ళి, ఆరిపోయిన నిప్పులను చాలాసేపు ఊదుతూ కూర్చుంది.

వారం తిరగకుండా అవ్వ లేచి పరుగెత్తిందని మా పిల్లలకు చెప్పాను. పరుగెత్తలేదు. వేసవి వచ్చేసరికి చేతికర్ర పట్టుకుని, ఒక పక్కకు ఒరుగుతూ గడప దాకా నడిచేది. తర్వాతి పండగకు నక్షత్రం వెలగ్గానే ఆ గడపలో కూర్చుని గేటు వైపు చూసింది. వాళ్ళు వచ్చారు. పాట ముందు పాడించుకున్నాం.

ఇప్పుడు నక్షత్రాలకు కరువు లేదు. ప్లాస్టిక్‌వి, కరెంటువి, రంగులు మార్చేవి, మతం తేడా లేకుండా అన్ని బాల్కనీల్లోనూ వేలాడుతున్నాయి, కొన్ని ఉగాది దాకా దించరు కూడా. అందంగానే ఉంటాయి. వాటిలో ఏది పిలుస్తోందో, ఏది ఊరికే వెలుగుతోందో కింద నడిచేవాడికి తెలిసే దారి లేదు. పాటల గుంపు వ్యానులో వస్తుంది, మేడ గేటు దగ్గర మైకులో అందరికీ కలిపి ఒక పాట పాడుతుంది, వాచ్‌మన్‌కు ఒక కేకు పొట్లం ఇచ్చి వెళ్ళిపోతుంది. ఇప్పుడు తినిపించేది కూడా వాళ్ళే.

మొన్న మా ఇంటావిడ అడిగింది, "ఏమయ్యా, ఈసారి గూడా చుక్క కట్టవా?" అని.

మోకాళ్ళు నొప్పి, స్టూలు ఎక్కలేను, ఓపిక లేదు అన్నాను. అది కూడా పెంచి చెప్పిందే. ఆ మాత్రం స్టూలు ఇప్పటికీ ఎక్కగలను. కట్టి, దీపం పెట్టి, తలుపు తెరిచి కూర్చున్నాక, మెట్ల మీద ఎవరి అడుగూ వినపడకపోతే ఎలా అన్నదే నా భయం.