నీళ్ళలో చేసిన రియాక్షన్

మా పీహెచ్‌డీ గైడు గారికి నీళ్ళంటే ప్రాణం. తాగే నీళ్ళు కాదు, మా ఫ్లాస్కులో నీళ్ళు. విషపు సాల్వెంట్లేవీ లేకుండా వట్టి నీళ్ళలో రెండు పదార్థాలు కలిపి, మందులకు పనికొచ్చే పొడి తయారుచేయడం మా పరిశోధన. శ్రీకాకుళం బయట కాలేజీ, పేరు చెప్పను. రియాక్షన్ నిజంగానే నీళ్ళలో జరిగేది. తంటా అంతా ఆ తర్వాత.

ఫ్లాస్కులో తయారైన సరుకు శుభ్రంగా ఉండదు. పొడవాటి గాజు గొట్టంలో సిలికా నింపి, సరుకును అందులో వేసి, పైనుంచి హెక్సేన్, ఇథైల్ ఎసిటేట్ అనే ఘాటు సాల్వెంట్లు బిందెలకొద్దీ పోయాలి. దాన్నే కాలమ్ అంటాం. చెంచాడు పొడి కోసం పొద్దుగూకేదాకా ఆ వాసనలో నిలబడాలి. ఆవిరిని బయటికి లాగాల్సిన ఫ్యూమ్ హుడ్ నేను చేరకముందే పాడైంది. అందులో పాత జవాబు పత్రాల కట్టలు పేర్చుకున్నారు.

నాకు ఐదో నెల. ఆ వాసన బిడ్డకు మంచిది కాదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. భయమేసింది. సార్ గదికి వెళ్ళి, కాలమ్ మానేసి వేడి ఆల్కహాల్‌లో కరిగించి, చల్లార్చి స్ఫటికాలు తీస్తానని అడిగాను.

"దిగుబడి సగానికి పడిపోతాది. రీసెర్చి పేపర్లో తొంభై శాతం అని రాసేసినాం కదమ్మా," అన్నారు. "అయినా మనది నీళ్ళ పని. నీళ్ళు నిన్నేటి సేస్తాయి?"

"నీళ్ళు కాదు సార్, హెక్సేన్."

"పురుడు పోసుకోడానికొచ్చినావా, పీహెచ్‌డీకొచ్చినావా?"

ఒళ్ళు మండిపోయింది. థీసిస్ మీద సంతకం ఆయనది. మళ్ళీ కాలమ్ దగ్గరికే పోయాను.

ఆ నెలలోనే మా కాలేజీలో హరిత రసాయన శాస్త్రం మీద సెమినార్. ముందురోజు సార్ కొత్త ఫోన్ పట్టుకుని వచ్చి, నీళ్ళ ఫ్లాస్కు నా చేతికిచ్చి, "కాస్త పక్కకి తిరుగమ్మా," అన్నారు. ఎందుకో మర్నాడు తెలిసింది. తెర మీద నేను, ఫ్లాస్కు, నా కడుపు. "కడుపుతో ఉన్న అమ్మాయి కూడా నిర్భయంగా చేసే రియాక్షన్," అన్నారు మైకులో. హాలంతా చప్పట్లు.

ముందు వరుసలో ఒక పెద్దాయన, తయారైనదాన్ని ఎలా శుద్ధి చేస్తారని అడిగారు. "సెప్పమ్మా," అన్నారు సార్ నవ్వుతూ.

ఉన్నదున్నట్టు చెప్పాను. కాలమ్, హెక్సేన్, పాడైన హుడ్, డాక్టరమ్మ మాట.

సార్ మైకు దగ్గరికి లాక్కున్నారు. "ఈ టైములో ఆడోళ్ళకి సిరాకెక్కువండి. మా ఇంట్లోనూ సూసినాను."

అందరూ నవ్వారు. ప్రశ్న అడిగిన పెద్దాయన కూడా నవ్వారు.

మర్నాడు సార్ పిలిపించారు. "కాలమ్ వద్దన్నావు కదా, తీసేసినాను. నీ థీసిస్‌లో ఆ చాప్టరు కూడా తీసేసినాను. ఇంటికెళ్ళి రెస్టు తీసుకో."

నా రియాక్షన్లన్నీ కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చేశారు. గాజు గొట్టం కడిగి ఆమెకు అప్పజెప్పే పని కూడా నా చేతే చేయించారు. ఆ పిల్లకు పెళ్ళయి నెల కాలేదు. మెడలో తాడు పసుపు ఇంకా వెలవలేదు. ఈ వాసన మంచిది కాదని, పిల్లలు కావాలనుకుంటే జాగ్రత్తపడమని చెప్పాను.

"నీళ్ళే అన్నారు కదక్కా సార్," అని హెక్సేన్ సీసా మూత తీసింది.