చీకటి గదిలో గ్రహణం

యుద్ధం రోజుల్లో, గురజాలలో, నేను తొలిచూలు మోస్తుండగా సూర్యగ్రహణం వచ్చింది. సూర్యుడికి చంద్రుడు అడ్డం రావడమే గ్రహణమని బడిలో నల్లబల్ల మీద గీసి చెప్పే పంతులమ్మను నేను. అయినా మా అత్త నన్ను గదిలోకి తోసి, కిటికీకి గోనెపట్టా కట్టి, బయట గొళ్లెం పెట్టింది.

"వెల్లకిలా పడుకో. కదిలావా, బిడ్డకు గ్రహణమొర్రి వచ్చిద్ది," అంది తలుపవతలి నుంచి.

నాకు ఒళ్లు మండిపోయింది. పైకప్పు పెంకుల సందుల్లోంచి ఎండ దిగుతోంది. రోజూ నేల మీద గుండ్రంగా పడే వెలుగు చుక్కలు ఆ పూట ఒక పక్క కొరికినట్టున్నాయి. చూస్తుండగానే అన్నీ కొడవళ్లయ్యాయి. పెంకుల సందులు మారలేదు, మారింది సూర్యుడు. ప్రతి చుక్కా సూర్యుడి బొమ్మే! నేను చూడకూడదని చీకటి చేసిన గదే నాకు గ్రహణాన్ని చూపించింది.

లేచి కూర్చున్నాను. చీర పక్కకు జరిపి, ఒక కొడవలిని కడుపు మీద పడనిచ్చాను. అది జరిగితే నేనూ జరిగాను. మళ్లీ గుండ్రంగా అయ్యేదాకా వదల్లేదు.

విడుపు స్నానానికి తలుపు తీసిన అత్త, "కదల్లేదు గదా?" అంది.

"కదిలా అత్తా. గ్రహణాన్ని కడుపు మీద పెట్టుకుని కూర్చున్నా."

పురుడొచ్చేదాకా ఆమె నాతో మాట్లాడలేదు. పిల్ల కేరుమనగానే మంత్రసాని చేతుల్లోంచి లాక్కుని, దీపం దగ్గర పెదవులు చూసింది.

"చూస్కో అత్తా," అన్నాను. "దీపం ఇంకా దగ్గరికి పెట్టి చూస్కో."