ఫ్లోరా పేరున పెరిగిన జోయా

కాగితాల ప్రకారం ఆమె అసలు వయసుకన్నా ఏడాది పెద్దది. ఆ ఏడాదీ ఆమెది కాదు, పేరూ ఆమెది కాదు. ఏథెన్సులో కాజాలు కుట్టే ఫ్లోరా తోర్రేస్ అంటే దర్జీలందరికీ తెలుసు. కోటు చిరిగినా ఆమె కుట్టిన కాజా చిరగదనేవారు. జోయా బర్జిలాయ్ అనే పిల్ల ఒకతె ఉండేదని ఎరిగిన మనిషి మాత్రం ఆ ఊరు మొత్తానికి ఒక్కరే.

జోయా సలోనికాలో పుట్టింది. తండ్రి మెంతేష్ రేవులో హమాలీ. తల్లి రికూలా ఇంట్లోనే పరుపులు, బొంతలు కుట్టేది. అందుకని ఆ ఇంట్లో ఎవరి జుట్టు చూసినా దూది ఉండేది. అన్న ఒవాదియా ఎనిమిదేళ్ళు పెద్ద. మీసం రాకముందే తండ్రితోపాటు రేవుకి పోయేవాడు. జర్మన్లు వచ్చిన మరుసటి ఏడు, వేసవిలో, యూదు మగవాళ్ళందరినీ మైదానంలో ఎండకి నిలబెట్టి, పేర్లు రాసుకుని, రోడ్డు పనులకు తోలుకుపోయారు. మెంతేష్ మూడు నెలలకే మలేరియాతో పోయాడు. కబురు తెచ్చినవాడు బూట్లయినా తేలేకపోయాడు. వాటిని అప్పటికే ఇంకెవరో తొడుక్కున్నారట.

చలికాలం గడిచేసరికి యూదులందరి ఛాతీ మీదా పసుపు నక్షత్రం కుట్టించారు, కొన్ని వీధుల్లోకి కుక్కారు. మార్చి నెలలో రైళ్ళు మొదలయ్యాయి. పోలండులో పని ఇస్తారట, ఇల్లు ఇస్తారట అని జనం చెప్పుకునేవారు. రికూలా నమ్మనూ లేదు, కాదననూ లేదు. మూట కట్టుకుంటూ ఉంది.

ఆ రోజుల్లోనే ఆమె చెల్లెలు ఎస్ట్రెయా వచ్చింది. ఎస్ట్రెయా మొగుడు ఆల్బెర్టో తోర్రేస్ తాతలనాటి నుంచీ ఇటలీ పౌరుడు. వాళ్ళకి నక్షత్రం లేదు. ఇటలీవాళ్ళ ఏలుబడిలో ఉన్న ఏథెన్సుకి, వాళ్ళ సైనికుల రైల్లో వెళ్ళిపోవడానికి వాళ్ళకి కాగితం వచ్చింది.

"అక్కా, ఆ కాగితంలో ముగ్గురి పేర్లున్నాయి," అంది ఎస్ట్రెయా గొంతు తగ్గించి. "ఫ్లోరా పేరు మేము కొట్టించలేదు."

ఫ్లోరా ఆమె ఒక్కగానొక్క కూతురు. అంతకు ముందటి ఆకలి చలికాలంలో విషజ్వరంతో పోయింది. ఆ చలికాలంలో పోయినవాళ్ళ లెక్క ఎవరూ సరిగా రాసుకోలేదు.

రికూలా చేతిలో సూది ఆగింది. "ఒవాదియా?"

"పదిహేడేళ్ళవాణ్ణి పట్టుకుని తొమ్మిదేళ్ళ ఆడపిల్లని ఎట్లా చెప్పనక్కా?"

"గౌను వేసుకుంటే సరిపోదా పిన్నీ?" అన్నాడు ఒవాదియా గుమ్మంలోంచి. "గడ్డం ఈ పూటే గీసుకుంటా."

ఎవరూ నవ్వలేదు. తరవాత రికూలా ఒక్కతే నవ్వింది, చేత్తో నోరు మూసుకుని. నవ్వి, "ఎన్ని రోజులుంది?" అని చెల్లెల్ని అడిగింది.

"మూడు."

ఆ మూడు రోజులూ రికూలా వేరే పనేదీ పెట్టుకోలేదు. కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"నీ పేరేంటి?"

"జోయా."

చెంప ఛెళ్ళుమంది. "నీ పేరేంటి?"

"ఫ్లోరా."

"ఎన్నేళ్ళు?"

"తొమ్మిది."

"మీ అమ్మెవరు?"

"నువ్వు."

ఇంకో దెబ్బ. "మీ అమ్మ ఎస్ట్రెయా. మరి నేనెవర్ని?" పిల్ల బిక్కమొహం వేసుకుని చూస్తూ ఉండిపోయింది. "అమ్మకి అక్క ఏమవుతుందే?"

"పెద్దమ్మ."

"అదీ. నేను నీకు పెద్దమ్మని. మళ్ళీ చెప్పు."

"మరి నేనో?" అన్నాడు ఒవాదియా.

"పెద్దమ్మ కొడుకువి. అన్నవే."

"నయం. ఈ ఇంట్లో నా ఉద్యోగం ఒక్కటే ఊడలేదు."

నిద్రలోంచి లేపి అడిగినా తడుముకోకుండా చెప్పేదాకా రికూలా వదల్లేదు. ఎనిమిదేళ్ళ పిల్ల చెంపలు కందిపోయాయి. కొట్టిన చేత్తోనే వాటికి ఆలివ్ నూనె రాసేది. రాస్తూ మళ్ళీ అడిగేది.

నాలుగో రోజు ఉదయం ఎస్ట్రెయా టోపీ పెట్టుకుని, చుట్టపుచూపుగా వచ్చినట్టు వచ్చింది. ఫ్లోరా కోటు తెచ్చింది. చేతులు వేళ్ళు దాటి వేలాడాయి. రికూలా వాటిని లోపలికి మడిచి నాలుగు కుట్లు వేసి, దారం పంటితో తెంపింది. ఉల్లితొక్కలతో ఉడకబెట్టిన గుడ్లు రెండు జేబులో పెట్టింది. వీధి చివర కర్ర పట్టుకుని కాపలావాడు నిలబడ్డాడు. అక్కడిదాకా అందరూ కలిసి నడిచారు.

"పెద్దమ్మకి చెప్పి రావే," అంది ఎస్ట్రెయా, కాపలావాడికి వినపడేట్టు.

"వెళ్ళొస్తాను పెద్దమ్మా," అంది జోయా.

"మీ అమ్మ మాట విను," అంది రికూలా. వెంటనే వెనక్కి తిరిగి నడిచిపోయింది. ఒవాదియా చెల్లెలి చెవి ఒకసారి లాగి, తల్లి వెనకే పరుగెత్తాడు. కాపలావాడు పిల్లని రెండో మాట అడగలేదు.

ఏథెన్సులో మొదటి రోజుల్లో, గదిలో ఇద్దరే ఉన్నప్పుడు జోయా ఎస్ట్రెయాని పిన్నీ అనేది. "గోడలకి చెవులుంటాయమ్మా," అని ఆవిడ వారించేది. సెప్టెంబరులో ఆ ఊరూ జర్మన్ల చేతికి వచ్చింది. మరుసటి వసంతంలో, పండగకి రొట్టెలపిండి పంచుతున్నారంటే ఆల్బెర్టో యూదుల ప్రార్థనామందిరం సినగోగుకి వెళ్ళాడు. లోపలికి వెళ్ళినవాళ్ళ మీద తలుపులు మూశారు. అతను తిరిగి రాలేదు. జర్మన్లు ఉన్న మిగిలిన ఆర్నెల్లూ పొలిక్సేని అనే గ్రీకు చాకలామె తన ఇస్త్రీ గది పైన అటకలో ఆ ఇద్దరినీ దాచింది. కింద ఇస్త్రీపెట్టెల వేడి, పైన పెంకుల వేడి. ఆ అటకలోనే ఎస్ట్రెయా పిల్లకి కాజా కుట్టడం నేర్పింది. మొగుడు పోయాడు, కూతురు పోయింది, చేతిలో ఈ పిల్ల మిగిలింది. "ఫ్లోరా, దారం బిగువు చెయ్యి. ఫ్లోరా, నీళ్ళు తాగు." జర్మన్లు వెళ్ళిపోయాక కూడా ఆ పేరు మారలేదు. ఆగస్టు వచ్చేసరికి ఫ్లోరా పుట్టినరోజు చేసింది. జోయా పుట్టినరోజు డిసెంబరులో. అది వచ్చింది, పోయింది.

యుద్ధం అయిపోయాక పోలండు నుంచి కొద్దిమంది తిరిగి వస్తున్నారని తెలిసింది. జోయా రోజూ అడిగేది.

"అమ్మవాళ్ళు వచ్చారా?"

"లేదమ్మా."

"అన్న?"

"ఎవరూ రాలేదు."

కొన్నాళ్ళకి అడగడం మానేసింది. ఎస్ట్రెయా మంచి తల్లి. తను పస్తుండి పిల్లకి పెట్టింది, బడికి పంపింది. జ్వరం వస్తే మంచం పక్కన నేల మీదే పడుకునేది. జోయా ఆమెని అమ్మా అనే పిలిచేది. పిలిచిన ప్రతిసారీ ఒక రెప్పపాటు ఆగి పిలిచేది. ఆ రెప్పపాటు ఎస్ట్రెయాకి తెలుసు.

పందొమ్మిది వందల యాభై ఆరులో, ఇరవై ఒకటో ఏట, జోయాకి పెళ్ళి కుదిరింది. వరుడు మోర్దో బస్సు కండక్టరు, నెమ్మదైనవాడు. పెళ్ళి ఒప్పందం రాయడానికి పురోహితుడు, ముసలి రబ్బీ, కళ్ళజోడు సవరించుకుని కూర్చున్నాడు.

"పెళ్ళికూతురి పేరు, తండ్రి పేరు చెప్పండి."

ఫ్లోరా, ఆల్బెర్టో కూతురు అని చెప్పాలి. ఎస్ట్రెయా నోరు తెరిచేలోగా జోయా అంది: "జోయా. మెంతేష్ కూతురు."

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. దేవుడి ఎదుట రాసే కాగితం అది. చచ్చిపోయిన పిల్లని తెచ్చి మోర్దోకి ఎలా కట్టబెట్టడం? తలవంచుకునే సంగతంతా చెప్పింది. రబ్బీ కలం పక్కన పెట్టి విన్నాడు. సలోనికావాళ్ళ కథలు ఆయన చాలా విన్నాడు.

"మీ నాన్న తరఫువాళ్ళు, సాక్ష్యం చెప్పగలవాళ్ళు ఎవరైనా ఉన్నారామ్మా?"

"ఎవరూ లేరు."

"ఉన్నాడు," అంది ఎస్ట్రెయా.

గదిలో అందరూ ఆమె వంక చూశారు. ఆమె బల్లనే చూస్తూ చెప్పింది. యుద్ధం అయిపోయిన ఏడు, అక్టోబరులో, ఒవాదియా వచ్చాడు. బొమికల పోగు. చేతి మీద అంకెలు. అమ్మ శిబిరంలో మొదటి రోజే పోయిందని చెప్పాడు. చెల్లెల్ని తీసుకెళ్తాను, పాలస్తీనాకి ఓడ ఉంది, ఇక ఈ దేశంలో ఉండను అన్నాడు. జోయా అప్పుడు బడిలో ఉంది.

"పోయిన చలికాలం జ్వరంతో పోయిందిరా అన్నాను," అంది ఎస్ట్రెయా. "ఆ అబ్బాయి ఏడవలేదు. మంచినీళ్ళడిగాడు. ఇచ్చాను. తాగి వెళ్ళిపోయాడు. నువ్వు ఇంకో గంటకి వచ్చావు."

జోయా లేచి, కోటు తొడుక్కుని మోర్దో అక్కగారింటికి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లోంచే అన్నని వెతుకుతూ ఉత్తరాలు రాసింది. సలోనికా రేవు హమాలీలు చాలామంది పాలస్తీనా వైపున్న హైఫా రేవులో పని చేస్తున్నారని ఎవరో చెబితే, ఆ చిరునామాకీ ఒకటి రాసింది. పెళ్ళి ఆపుదామని మోర్దోయే అన్నాడు. "అన్నగారు రానీ. నేనెక్కడికి పోతాను, రోజూ అదే రూటు కదా."

ఏడు వారాలకి జవాబు వచ్చింది. వంకర అక్షరాలు. "నువ్వే అయితే, నీ చెవి లాగినవాడెవడో రాయి. నీకోసం ప్రతి ఏడూ, పోయినవాళ్ళకి చదివే కద్దిష్ చదువుతున్నాను. నా కూతురికి మూడేళ్ళు, నీ పేరే పెట్టుకున్నాను."

మరుసటి వసంతంలో పిరేయస్ రేవులో ఒవాదియా ఓడ దిగాడు. ముప్పై నిండిన మనిషి, తల నెరిసిపోయింది. ఇద్దరూ కాఫీ దుకాణంలో ఎదురెదురుగా కూర్చున్నారు.

"అమ్మ సంగతి చెప్పు," అంది జోయా.

"బండిలో ఆరు రోజులు పెట్టారు. పక్కన కూర్చున్నావిడ, మీకు పిల్లలెంతమందని అడిగింది. ఒక్కడే కొడుకు అంది అమ్మ." కాఫీ కప్పు అటూ ఇటూ తిప్పాడు. "ఈ చీకట్లో ఎవరు వింటారమ్మా అని చెవిలో అన్నాను. నోర్మూసుకోమంది. ఆరు రోజులూ నీ పేరెత్తలేదు. దిగాక అమ్మని అటు పంపారు, నన్ను ఇటు."

"నాకు ఆవిడ దెబ్బలే గుర్తున్నాయి అన్నయ్యా. మొహం గుర్తులేదు."

"ఎడమ కన్ను కింద చిన్న మచ్చ. నవ్వితే చిగుళ్ళు కనపడేవి, అందుకని చెయ్యి అడ్డం పెట్టుకునేది. నడుస్తుంటే కుడి చెప్పు టపటపమనేది." చెల్లెల్ని ఎగాదిగా చూశాడు. "ఎత్తు నీకంటే తక్కువే."

జోయా పైటగుడ్డలా వేసుకున్న శాలువా మొహానికి కప్పుకుని అప్పుడు ఏడ్చింది.

పెళ్ళినాడు పేచీ వచ్చింది. "ఆవిడుంటే నేనుండను," అన్నాడు ఒవాదియా.

"నన్ను బతికించింది ఆవిడే కదా."

"బతికించిందీ ఆవిడే, చంపిందీ ఆవిడే. పదకొండేళ్ళు నేను శవం లేని చెల్లెలి కోసం ఏడ్చాను. ఆ ఏళ్ళు ఎవరిస్తారు?"

ఎస్ట్రెయాయే కబురు పంపింది: తను వీధిలో నిలబడుతుందని. అలాగే నిలబడింది. లోపల వరుడు ఆచారం ప్రకారం కాలితో గ్లాసు పగలగొట్టిన చప్పుడు విని, ఇంటికి నడిచి వెళ్ళి, పెళ్ళివారికోసం జున్ను కూరి కాల్చిన బొరెకాలు పక్కింటివాళ్ళ చేత పంపించింది. ఒవాదియా వాటిని ముట్టలేదు. జోయా ఒకటి తింది.

ఏడాదిదాకా జోయా ఆ గడప తొక్కలేదు. తరవాత కడుపుతో ఉండి వెళ్ళింది. "బాగున్నావా పిన్నీ?" అంది. ఎస్ట్రెయా ఆ పిలుపుకి తల ఊపి, కుర్చీ జరిపింది. ఆ తరవాత పద్నాలుగేళ్ళూ పిన్నీ అనే పిలిచింది. వారానికి రెండుసార్లు వెళ్ళేది, మందులు కొనేది, కాళ్ళు కడిగేది. క్షమించావా అని ఆవిడ అడగలేదు, ఈమె చెప్పలేదు. చివరి నెలల్లో ఎస్ట్రెయాకి మతి తప్పింది. కళ్ళు మూసుకుని, "ఫ్లోరా, వచ్చావా?" అని తడుముకునేది. మొదటి రెండు రోజులు జోయా మాట్లాడలేదు. మూడో రోజు ఆ చెయ్యి పట్టుకుని, "వచ్చానమ్మా," అంది.

ఆవిడ పోయినట్టు అన్నకి రాసింది. "నేను కద్దిష్ చదవను," అని జవాబు వచ్చింది. "నీ కొడుకు చేత చదివించుకుంటే తప్పు పట్టను."

అన్నాచెల్లెళ్ళు ఆపైన మూడుసార్లే కలుసుకున్నారు. సముద్రం ఒకటి అడ్డం, సంసారాలు రెండు. కలిసినప్పుడు అమ్మ గురించి ఒవాదియా ఏదో ఒకటి కొత్తగా జ్ఞాపకం చేసుకుని చెప్పేవాడు. నిజంగా గుర్తొచ్చి చెప్తున్నాడో, చెల్లెలి కోసం అల్లుతున్నాడో జోయాకి తెలియలేదు, అడగనూ లేదు. డెబ్బై తొమ్మిదిలో, మార్చిలో, రేవులో పనిచేస్తూనే గుండె ఆగి పోయాడు. జోయా విమానం దొరికించుకుని హైఫా చేరేసరికి ఏడు రోజుల సంతాపంలో అయిదో రోజు నడుస్తోంది. తలుపు తెరిచే ఉంది. అన్న కూతురు, తన పేరే పెట్టుకున్న ఇరవై ఆరేళ్ళ పిల్ల, ఆచారం ప్రకారం నేల మీద చాప వేసుకుని కూర్చుని ఉంది. మేనత్తని చూసి లేవబోయింది.

"కూర్చోవే," అంది జోయా. బూట్లు విప్పి ఆ పిల్ల పక్కనే నేల మీద కూర్చుంది. మిగిలిన రెండు రోజులూ అక్కడే కూర్చుంది.