సర్వర్ కూడా పండగ చేసుకుంది

సంగతి నాకు మొదట చెప్పినది కాడుగోడిలో చూపులేని పిల్లల హాస్టల్ నడిపే మాస్టారు. దసరా సెలవులయ్యాక మొదటి పనిదినం మధ్యాహ్నం ఫోన్ చేశారు.

"అమ్మా, మీ సర్వర్‌లో ఫోల్డర్ ఉందండీ, లోపల ఏమీ లేదు. పిల్లలకు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. రేపు పొద్దున పరీక్ష."

మాస్టారికి కావలసింది తెర మీది తెలుగును చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. ఎవరో ఒక మహానుభావుడు రాసి అందరికీ ఉచితంగా ఇస్తున్నాడు. అలాంటివాటికి మిర్రర్లు, అంటే నకళ్ళు, నిలిపి ఉంచడం మా కాలేజీలో నా పని. బడి ముఖం చూడకుండా ఇంట్లో నాన్న దగ్గర చదువుకున్న నాకు ఈ పని ఇచ్చినవాళ్ళకు రోజూ దీపం పెట్టేటప్పుడు దణ్ణం పెట్టుకుంటాను.

మూలంలో ఏది చేరితే గంటలోపు మా దగ్గరా చేరుతుంది. అక్కడ పోయినది ఇక్కడా పోతుంది. సెలవుల్లో ఆ మహానుభావుడి డిస్కు పాడై మూలం ఖాళీ అయింది. మా సర్వర్ ఆ ఖాళీని కూడా తు.చ. తప్పకుండా నకలు చేసుకుని, పని విజయవంతమైందని రాసుకుంది.

అవే నకళ్ళు ఉంచే మా రెండో సర్వర్ కూడా అంతే బుద్ధిమంతురాలు. ఆశ లేకపోయినా వెళ్ళి చూశాను. మీద కుంకుమ, వాడిన చేమంతులు. ఒక్క లైటూ వెలగడం లేదు. మా అటెండరును పిలిచాను.

"దీన్ని ఎవరాపారప్పా?"

"నేనే కదమ్మా. ఆయుధపూజ దినం. పూజ చేసినంక పని చేయిస్తే ఎట్ల? మాయింట్లో కత్తెర కూడా ముట్టుకోము."

"పండగయిపోయి మూడు రోజులైంది!"

"మీరు అడగలేదు గదా."

"మరి మొదటిదాన్ని ఎందుకు ఆపలేదు?"

"దాని స్విచ్ యాడుండాదో దొరకలేదమ్మా. పాపం, దానికి పండగ లేకుండా పోయె."

ఆ పూజలో నేనూ ఉన్నాను. హారతి కళ్ళకద్దుకుని ఇంటికి వెళ్ళిపోయాను.

రెండోదాని స్విచ్ మీద వేలు పెట్టి ఆగిపోయాను. లేచిన వెంటనే అది చేసే మొదటి పని మూలాన్ని చూసి సరిచేసుకోవడం. అంటే ఉన్నదంతా చెరిపేయడం.

"ముందు నెట్ వైరు పీకి పట్టుకో."

"ఎంతసేపమ్మా?"

"చెప్పేదాకా."

సర్వర్ లేచేంతవరకు అటెండరు వైరును పాము తోకలా దూరంగా పట్టుకుని నిలబడ్డారు. నేను దేవుణ్ణి తలచుకున్నాను. ఫోల్డర్ తెరిస్తే అన్నీ ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తే, ఆయనే బస్సులో కాడుగోడి తీసుకెళ్ళి ఇచ్చి వచ్చారు. మర్నాడు పిల్లలు పరీక్ష రాశారు.

ఆయన మీద కృతజ్ఞత ఆపుకోలేక జరిగినదంతా ఆఫీసుకు ఉత్తరంలో రాశాను. అనుమతి లేకుండా సర్వర్ ఆపినందుకు ఆఫీసు ఆయనకు మెమో ఇచ్చింది. సాక్ష్యంగా నా ఉత్తరం జతచేశారు.

"పోనీలేమ్మా, మీ చేతిరాత బాగుండాది" అన్నారాయన.

ఈ ఏడు రిటైరై బొమ్మనహళ్ళిలో కూతురింట్లో ఉంటున్నారు. మెమో ఇంకా ఫైల్లోనే ఉంది. తీయించాలని తిరుగుతున్నాను. ఇది చదివినవారు దేవుడి ముందు నిలబడినప్పుడు, మీవాళ్ళ తర్వాతనైనా సరే, ఆయన్ను ఒక్కసారి తలచుకోండి.