పావురాల మెత్వల్లీ

దమియెట్టా పట్నంలో ఎవరి ఫోను మూగబోయినా తప్పు పావురాలదే. ఈ సిద్ధాంతం లైన్‌మన్ మెత్వల్లీది. వానకు తీగ నానినా పావురాలే, ఎలుక కొరికినా పావురాలే. ఒకసారి గాడిదబండి గుద్ది స్తంభమే ఒరిగిపోతే, "గాడిదని బెదరగొట్టింది ఎవరనుకున్నారు?" అని ఎదురు ప్రశ్న వేశాడు.

ఆ సాయంత్రం అతను వచ్చేసరికి, హజ్ చేసొచ్చిన పెద్దావిడ హాజ్జా ఇన్‌సాఫ్ ఇల్లు అట్టుడికిపోతోంది. అస్వాన్‌లో ఆమె కూతురికి కొడుకు పుట్టాడు. ఏడోరోజు వేడుక ఇవాళే, పిల్లాణ్ణి జల్లెడలో పడుకోబెట్టి ఊపుతారు. మోకాళ్ళ నొప్పులతో అంతదూరం వెళ్ళలేక, ఆ ముచ్చట తెర మీదైనా చూద్దామని హాజ్జా ఫోను తీగలోనే బొమ్మా వచ్చే కొత్త డిజిటల్ లైను పెట్టించుకుంది. తీరా సమయానికి అది కాస్తా చచ్చి కూర్చుంది.

"దీని మీద ఎవరో చెయ్యి వేశారు," అంది హాజ్జా, కోడలు రావియా వంక చూస్తూ. "ఎవరో ఇవాళ తేలాల్సిందే."

 నిన్న ఇల్లు దులుపుతూ, ఫోనుకీ గోడకీ మధ్య వేలాడే చిన్న తెల్ల డబ్బీని ఊడదీసి, తీగను తిన్నగా గోడకే గుచ్చేసింది రావియానే. కొత్త వస్తువు మాసిపోతుందని దాన్ని అద్దాల బీరువాలో, పెళ్ళినాటి టీకప్పుల పక్కన దాచింది. మంచి వస్తువు బీరువాలో ఉండాలి గానీ వాడకూడదని ఆమెకు నేర్పింది అత్తగారే.

మెత్వల్లీ ఫోనెత్తి చెవికి ఆనించాడు. గరగరమంది. తీగ వెంట చూపు సాగించి, బీరువా ముందు ఆగిపోయాడు. కప్పుల మధ్య తెల్ల డబ్బీ కొత్త పెళ్ళికూతురిలా కూర్చుని ఉంది. రావియా తల దించుకుంది.

"ఏమంటావు?" అంది హాజ్జా.

"ఏమంటాను? పావురాలు."

"ఇంట్లోకి పావురాలెలా వచ్చాయయ్యా?"

"రానక్కర్లేదు హాజ్జా. బయట తీగ మీద గుంపుగా వాలితే చాలు, లోపల లైనుకు ఊపిరాడదు. మీరు బాల్కనీలోకెళ్ళి గట్టిగా అదిలించండి."

హాజ్జా మోకాళ్ళు పట్టుకునే వెళ్ళింది. పావురాలనూ, పెంచినవాణ్ణీ, వాడి ఏడుతరాలనూ కడిగి ఆరేసింది. ఈలోగా మెత్వల్లీ చెయ్యి చాచాడు. రావియా డబ్బీ తెచ్చిచ్చింది.

"ఇది లేకపోతే మాటా బొమ్మా ఒకే తీగలో కొట్టుకు చస్తాయి అమ్మాయ్. ఇంకెప్పుడూ తియ్యకు," అని గొణుగుతూ తగిలించాడు.

పచ్చదీపం వెలిగింది. తెర మీద మనవడు జల్లెడలో కాళ్ళు తన్నుకుంటుంటే హాజ్జా ఏడుస్తూ నవ్వుతూ ఉండిపోయింది. కోడల్ని దగ్గరకు లాక్కుని పిల్లాణ్ణి చూపించింది.

గుమ్మం దాకా సాగనంపుతూ రావియా అంది: "నీ ఋణం తీర్చుకోలేను బాబాయ్. కానీ ఆ పావురాలాయన పాపం ఏం చేశాడు? అత్తయ్య అన్ని మాటలంది."

"విన్నాన్లే. పావురాలు నావే."

"మరి నింద వాటి మీదే ఎందుకు వేశావు?" అంది రావియా.

"ఎన్ని తిట్లు పడినా అవి గింజలు మానవమ్మా," అన్నాడు మెత్వల్లీ, సంచీ భుజానికెత్తుకుంటూ. "నీకైతే ఈ రాత్రి ముద్ద దిగేదా?"