గళ్ల కాగితం మీద సత్తెమ్మ ఆయుష్షు

నా భార్యను నూట తొంభై ఎనిమిది రోజుల్లో చంపిన కథ చెబుతాను. కంగారు పడకండి, ఆమె వంటింట్లోనే ఉంది. ఇది రాస్తున్నానని తెలిస్తే పోయేది నేనే.

డెబ్బైల చివర వరంగల్‌లో జంపఖానాలకు నమూనాలు గీసేవాణ్ణి. గళ్ల కాగితం మీద ఏ గడికి ఎన్ని పోగులో లెక్కగట్టడం నా పని. బడిలో ఎక్కాలు ఏడు దాటలేదు. మిగతా లెక్కలన్నీ సొంతంగా నేర్చుకున్నవే. అందుకే పొగరు కూడా సొంతమే.

ఒకరోజు సత్తెమ్మ నాలుక అంచున శనగగింజంత గడ్డ కనిపించింది. నొప్పి లేదు. ఇంకొకడైతే దవాఖానకు తీసుకుపోయేవాడు. నేను నూలు దారం తెచ్చాను. గడ్డ చుట్టూ బిగించి, ఆ పొడవును గళ్ల కాగితం మీద పరిచాను. పదిహేను గళ్లు. రోజూ పొద్దున్నే అదే కొలత. పన్నెండు రోజులకు ఇరవై ఒకటి.

"ఏం రాస్తానవయ్యా, ఎంతొచ్చింది?"

"రోజుకు అర గడి పెరుగుతాంది."

"అయితే?"

నూట ఇరవై గళ్లయితే గొంతుకు అడ్డం పడుతుంది. గీత పొడిగించి నూట తొంభై ఎనిమిదో రోజును చూపించాను. నా లెక్క ఏనాడూ తప్పలేదని ఆమెకు తెలుసు. అదే మా కొంప ముంచింది. ఆమె ఏడవలేదు.

"అయితే పిల్లకు ఇప్పటిసంది నేను లేకుండ అలవాటు చెయ్యాలె," అంది.

ఏడాదిన్నర పిల్ల చేత పాలు మాన్పించి, ధర్మసాగర్‌లో ఉన్న అక్క దగ్గర వదిలి వచ్చింది. రోజూ గోడ వైపు తిరిగి పడుకునేది. నేను మాత్రం రోజూ గడులు నింపాను, జమాఖర్చు చూసుకునే వాడిలా.

నెల తిరిగాక దవాఖానకు పోయాం. డాక్టరు గడ్డను చూస్తుండగానే కాగితం విప్పి ముందు పెట్టాను.

"దారం ఎంత బిగిస్తవయ్యా?"

"అచ్చు పడేదాక సార్. లెక్క పక్కాగ రావాలె కద."

"రోజూ?"

"ఒక్కరోజు తప్పలే సార్."

"రోజూ ఉరేస్తే ఏదైనా వాస్తది. అయినా చూసి చెప్పేది కాదు. గడ్డ తీసి పరీక్షకు పంపుదాం."

గడ్డ తీయడానికి పావుగంట పట్టింది.  ఫలితం వచ్చాక డాక్టరు చెప్పాడు: "నరం పై పొరల పుట్టిన గడ్డ. నాలుక మీద అరుదుగ వస్తది. క్యాన్సర్ కాదు. ఫికర్ చెయ్యకుర్రి."

నేను నవ్వాను. సత్తెమ్మ నవ్వలేదు. అటు నుంచి అటే ధర్మసాగర్ బస్సెక్కింది, వెనకే నేనూ ఎక్కాను.

పిల్ల పెద్దమ్మ చీర పట్టుకుని వెనక్కి నక్కింది. సత్తెమ్మ చేతులు చాపితే బెదిరి ఏడ్చింది. పెద్దమ్మనే అమ్మా అంది.

సత్తెమ్మ నా వైపు తిరిగింది. "ఇగ ఇది లెక్కగట్టు. నన్ను మళ్ల అమ్మా అని ఎన్నొద్దులకు పిలుస్తదో."

అక్కడే, ఆ వాకిట్లో నిలబడి, నేసే దారం మీద ప్రమాణం చేశాను: ఊపిరి ఉన్న దేనికీ ఈ జన్మలో కొలత పెట్టను. ఇప్పటికీ దర్జీ నా మెడకు టేపు చుట్టినప్పుడు కళ్లు మూసుకుంటాను.

పిల్ల పిలిచింది. ఎన్నో రోజున అని అడగకండి, నేను లెక్కపెట్టలేదు.