పెద్దామెకు తీసిన మొదటి స్నాపు

తిరుచానూరు ఫోటోగ్రాఫరు పరంధామయ్య ఆ పొద్దు కంప్యూటరు ముందర కూర్చోని చెమటలు కక్కతా ఉండాడు. తెరమీద చంద్రకాంతమ్మ ముఖం. గోడకు తగిలించే సైజుకు పెంచేకొద్దీ అది గళ్లు గళ్లుగా విడిపోతా ఉండాది. కన్నేదో, ముక్కుపుడకేదో తెలిస్తే ఒట్టు!

ఆమె పోయింది, ఇంక రెండు రోజుల్లో కర్మ. బంగారుపాళ్యంలో మామిడితోటలుండే ఆమె కొడుకు కృష్ణమూర్తి పొద్దున్నే ఫోన్ చేసినాడు.

"అమ్మకు వేరే ఫోటో యాడా లేదప్పా. కెమెరా చూస్తే కొంగు కప్పుకునేది. మనవరాలి పెండ్లిలో నువ్వు తీసిందే గతి. పెద్దది చేసి పెట్టు."

పెట్టేదేంది, నా తలకాయ! మూణ్ణెల్ల కిందట, రెండువేల నాలుగు ఎండాకాలంలో, ఆ మనవరాలు లోహిత పెండ్లికే ఈయన డిజిటల్ కెమెరా తొలిసారి చేతబట్టినాడు. రీలుకు ముప్పై ఆరు ఫోటోలే అని ఇరవై రెండేండ్లు లెక్కపెట్టి నొక్కిన చెయ్యి కదా! పెద్ద సైజు పెడితే కార్డులో అరవై ఫోటోలే పడతాయని చూపించింది. చిన్న సైజుకైతే ఎనిమిది వందలు! ఇంకేం, మహానుభావుడు చిన్నదే పెట్టేసినాడు. ఆల్బంలో చిన్న ఫోటోలు తళతళా మెరిసినాయి, అందరూ మెచ్చుకున్నారు, ఈయనా మీసం మెలేసినాడు. కార్డులో మిగిలించిందంతా మనుషుల ముఖాల్లోనించి కోసిందేనని ఇప్పుడు కదా తెలిసింది!

ఏం చేసేదిరా దేవుడా అని తల పట్టుకుంటే, బీరువా మీద పాత రీలు కెమెరా కండ్లబడింది. పని నేర్పిన చిన్నబ్బ పెట్టిన వాడుక ఒకటుండాది ఈయనకు. ఏ పెండ్లిలోనైనా మొదటి స్నాపు ఆ ఇంట్లో అందరికన్నా పెద్దామెకే. లోహిత పెండ్లిలో కూడా, కొత్త కెమెరాతో ఆ స్నాపు తీసేదానికి మనసొప్పక పాతదాంతోనే నొక్కినాడు. "వద్దు నాయనా" అంటానే చంద్రకాంతమ్మ కొంగు సర్దుకునింది. ఆ రీలు అట్లే దాంట్లో ఉండిపోయింది.

రీలు తీసుకోని ఆటోలో తిరుపతి కలర్ ల్యాబుకు పరిగెత్తినాడు. దోవ పొడుగునా ఒకటే దిగులు. రీలు సరిగ్గా చుట్టుకునిందా? ఆ ఎండలకు చెడిపోయుంటే? కృష్ణమూర్తికి ముఖమెట్లా చూపించేది? ల్యాబు బయట గంటసేపు నిలబడినాడు. తాగుదామని తీసుకున్న టీ చేతిలోనే చల్లారిపోయింది.

నెగటివ్ పట్టీ అంతా ఖాళీ. మొదట్లో మాత్రం ఒకే ఒక్క బొమ్మ! పెద్దది చేయిస్తే రంగు కొంచెం పాలిపోయింది గానీ, నుదుటి ముడతలు, ముక్కుపుడక రాయి, నవ్వే కంటి చివర తడి, అన్నీ ఉండాయి.

మరుసటి రోజు కృష్ణమూర్తి వచ్చి దాన్ని చానాసేపు చూసినాడు. తువ్వాలుతో కండ్లు తుడుచుకున్నాడు.

"అమ్మే ఉండాదప్పా ఈడ!"

పరంధామయ్యకు ప్రాణం లేచొచ్చింది.

"మా లోహిత తలంబ్రాల ఫోటో కూడా ఇంతే పెద్దది, ఇట్లే చెయ్యి. అమ్మ పక్కన తగిలిస్తాం."

పరంధామయ్య కుర్చీ లాగి ఆయన ముందర పెట్టినాడు.

"కూర్చో అన్నా. పాపది అంత పెద్దది రాదు. తప్పు నాదే."